స్మార్ట్‌వాచ్ ధరలో కొంటున్నదేమిటి?

ఎంఆర్‌పీ రూ.7,999, ఆఫర్ ధర రూ.1,499, తగ్గింపు 81 శాతం. ఆన్‌లైన్‌లో స్మార్ట్‌వాచ్ కోసం వెతికితే ఎదురయ్యే ఇలాంటి మూడు అంకెల్లో కొనేవారికి పనికొచ్చేది నడిమిది ఒక్కటే. మొదటి అంకెను అచ్చు వేసిందే మూడోదాన్ని పెద్దదిగా చూపించడానికి. ఎంత తగ్గిందన్న లెక్క పక్కన పెట్టి, ఆ వాచీ ఎన్నేళ్లు పనిచేస్తుంది, అది చూపించే అంకెల్లో ఏవి నమ్మదగ్గవి, కొత్త మోజు తీరాక కూడా రోజూ వాడేదేమిటి అని చూస్తే ధర గిట్టుబాటో కాదో తేలిపోతుంది.

మార్కెట్ కూడా ఇదే పాఠం నేర్చుకున్నట్టుంది. మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల ప్రకారం 2023లో మన దేశంలో స్మార్ట్‌వాచ్‌ల సరఫరా 5.3 కోట్లు దాటింది. మరుసటి ఏడాది అది సుమారు 3.5 కోట్లకు పడిపోయింది. మొదటిసారి చౌకలో కొన్నవాళ్లలో చాలామంది అది పాడయ్యాక రెండోది కొనలేదన్నమాట. డ్రాయర్లో పడి ఉన్న వాచీ ఎంత చౌకగా వచ్చినా దండగే.

ముందు నెలవారీ లెక్క చూద్దాం. రూ.1,500 వాచీ ఏడాదిన్నర నడిస్తే నెలకు రూ.83 పడుతుంది. రూ.7,000 వాచీ మూడేళ్లు ఉంటే నెలకు రూ.194. యాపిల్ వాచ్ ఎస్‌ఈ 3 మన దేశంలో రూ.25,900కు విడుదలైంది, ఐదేళ్లు వాడితే నెలకు రూ.432. యాపిల్‌దే సిరీస్ 11 విడుదలైనప్పటి ప్రారంభ ధర రూ.46,900, అదే ఐదేళ్లకు నెలకు రూ.782. మధ్యలో బ్యాటరీ మార్పిస్తే ఆ ఖర్చు దీనికి అదనం. ధరల్లో తేడా 31 రెట్లున్నా నెలవారీ ఖర్చులో అది తొమ్మిది రెట్లకు తగ్గింది. ఇంతకీ ఆ తొమ్మిది రెట్లకు వచ్చే అదనపు లాభం అందరికీ ఒకేలా ఉండదు. చిక్కంతా అక్కడే.

చౌక వాచీలో ఏముంటుంది?

రూ.1,200 నుంచి రూ.2,500 మధ్య దొరికే వాచీల్లో పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. చిన్న బ్లూటూత్ చిప్, దాని మీద నడిచే తేలికపాటి సాఫ్ట్‌వేర్, ఎల్‌సీడీ తెర, కదలికను గుర్తించే యాక్సిలరోమీటర్, అడుగున కాంతి సెన్సర్, 200-300 ఎంఏహెచ్ బ్యాటరీ, మైకు, స్పీకరు. ఇందులో ప్లే స్టోర్ లాంటిది ఉండదు, మనం కొత్త యాప్‌లు వేసుకోలేం. డా ఫిట్, ఫిట్‌క్లౌడ్‌ప్రో లాంటి యాప్‌ను ఇన్‌స్టాల్ చేసుకోమని పెట్టెలోని కాగితం చెబుతుంటే, అదే యాప్‌తో వేర్వేరు పేర్ల మీద పదుల కొద్దీ వాచీలు నడుస్తున్నాయని అర్థం. అలాంటప్పుడు బ్రాండు పేరు కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. సర్వీసు సెంటర్ మీ ఊళ్లో ఉంటే మాత్రం ఆ వెయ్యికి అర్థముంది.

ఈ ధరలో సరిగ్గా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. సమయం, అలారం, మామూలు నడకలో అడుగుల లెక్క, ఎవరు ఫోన్ చేస్తున్నారో చూపించడం. చేతులు ఖాళీగా లేని పనుల్లో ఉన్నవాళ్లకు ఈ చివరిదొక్కటే రూ.1,500 విలువ చేస్తుంది. బ్లూటూత్ కాలింగ్ అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చదువుకోవాలి. అందులో సిమ్ ఉండదు. ఫోన్ అదే గదిలోనో పక్క గదిలోనో, అంటే దాదాపు 10 మీటర్ల లోపు ఉండాలి. ఫోన్ ఇంట్లో పెట్టి వాకింగ్‌కు వెళితే వాచీకి కాల్ రాదు.

కాలింగ్ ఆన్ చేశాక తరచూ వచ్చే ఇబ్బంది ఒకటుంది. ఫోన్లో వీడియో పెడితే శబ్దం వాచీ చిన్న స్పీకరులోంచి కీచుమంటూ వస్తుంది. వాచీ పాడైపోయిందని వెనక్కి పంపేవాళ్లూ ఉన్నారు. ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ వాచీ పేరు పక్కన ఉన్న గుర్తు నొక్కి, మీడియా ఆడియో ఆపేసి, కాల్స్ మాత్రమే ఉంచితే సరిపోతుంది. నోటిఫికేషన్లు ఒక రోజు వచ్చి మర్నాడు ఆగిపోవడం ఇంకో గొడవ. బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే వాచీ యాప్‌ను వెనక నుంచి మూసేస్తుంది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఇది మరీ ఎక్కువ. ఆ యాప్‌కు ఆటోస్టార్ట్ అనుమతి ఇచ్చి, బ్యాటరీ విభాగంలో ఆంక్షలు తీసేయాలి.

తెలుగులో సందేశాలు అందుకునేవాళ్లు కొనేముందు తప్పక చూసుకోవాల్సింది మరొకటి. చాలా చౌక వాచీల్లో తెలుగు ఫాంటే ఉండదు, సందేశం వరస గళ్లుగా కనిపిస్తుంది. ఫాంటు ఉన్నా వత్తులను సరైన చోట కూర్చే సాఫ్ట్‌వేర్ లేకపోతే "అమ్మకు జ్వరం తగ్గింది" అన్నది "అమ్‌మకు జ్‌వరం తగ్‌గింది" అన్నట్టు విడిపోయి వస్తుంది. దీన్ని మనం బాగుచేసుకోలేం, కంపెనీ అప్‌డేట్ ఇవ్వాల్సిందే. ఈ ధర వాచీలకు అలాంటి అప్‌డేట్లు రావడం అరుదు. దుకాణంలో కొంటుంటే డెమో వాచీని ఫోన్‌కు కలిపించి, వత్తులున్న ఒక వాక్యం వాట్సాప్‌లో పంపించి చూడండి. అర నిమిషం పని. యాపిల్ వాచ్‌లో, గూగుల్ సాఫ్ట్‌వేర్ వేర్ ఓఎస్‌తో నడిచే వాచీల్లో తెలుగు సరిగ్గానే కనిపిస్తుంది.

ఆకుపచ్చ దీపం చెప్పే లెక్క

ధర పెరిగే కొద్దీ ప్రకటనలు ఆరోగ్యం వైపు మళ్లుతాయి. అందుకే వాచీ గుండె వేగాన్ని ఎలా కొలుస్తుందో తెలిసి ఉండటం అవసరం. వాచీ అడుగున ఉన్న దీపం మణికట్టు మీద ఆకుపచ్చ కాంతి వేస్తుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని సన్నని రక్తనాళాలు కాస్త నిండుతాయి, చర్మం నుంచి తిరిగొచ్చే కాంతి ఆ క్షణంలో కొద్దిగా తగ్గుతుంది. దీపం పక్కనే ఉన్న, కాంతిని పసిగట్టే ఫొటోడయోడ్ ఈ హెచ్చుతగ్గులను పట్టుకుంటుంది, వాటి మధ్య విరామం నుంచి నిమిషానికి ఎన్నిసార్లో లెక్క వస్తుంది. ఈ తేడా ఎంత స్వల్పమంటే, చేయి ఊపితే పుట్టే అలజడి దాన్ని మింగేస్తుంది. ఆ అలజడిని యాక్సిలరోమీటర్ సాయంతో గుర్తించి తీసేయడమే అసలు విద్య. రూ.1,500 వాచీకీ రూ.25,000 వాచీకీ పెద్ద తేడా ఇక్కడుంది. దీపాలు ఎన్ని ఉన్నాయన్నది దాని తర్వాతి మాట.

కూర్చుని ఉన్నప్పుడు చౌక వాచీ చూపే గుండె వేగం కూడా చాలావరకు సరిగానే ఉంటుంది. పరుగు మొదలుపెట్టాక తప్పుతుంది. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి. బలహీనమైన సాఫ్ట్‌వేర్ ఆ అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది. తీరిగ్గా జాగింగ్ చేస్తున్న మనిషికి 172 అని చూపిస్తుంది. వెంటనే ఆగి, మెడ పక్కన రెండు వేళ్లతో నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే 130 దగ్గర తేలవచ్చు. బరువులెత్తేటప్పుడు దీనికి తలకిందులు. మణికట్టు వంగి, కండరాలు బిగిసి, సెన్సర్‌కు రక్తప్రవాహం సరిగ్గా అందక అంకె కిందికి పోతుంది. రెంటికీ మొదటి వైద్యం పట్టీ దగ్గరే ఉంది. వ్యాయామానికి ముందు వాచీని మణికట్టు ఎముకకు ఒక వేలి వెడల్పు పైకి జరిపి, కదలకుండా ఒక గడి బిగించాలి. అయిపోయాక వదులు చేయాలి. రోజంతా బిగించి ఉంచితే చెమట చేరి దద్దుర్లు వస్తాయి. ఆ చోట పచ్చబొట్టు ఉంటే కాంతి సరిగ్గా తిరిగి రాదు, ఎంత ఖరీదైన వాచీ అయినా తడబడుతుంది.

కేలరీల లెక్కను మాత్రం ఏ ధరలోనూ పట్టించుకోనక్కర్లేదు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 60 మందికి ఏడు రకాల పరికరాలు తొడిగి పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఏడింటిలో ఆరు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చూపించాయి. కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. వాచీ 400 ఖర్చయ్యాయన్నదని ఇంకో పెసరట్టు వేయించుకుంటే ఆ తప్పు నడుము చుట్టూ పేరుకుంటుంది. నిద్ర లెక్కలోనూ ఇలాంటి లోటే. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారన్నది ఫరవాలేదు. కదలకుండా మేలుకుని పడుకున్న సమయాన్ని కూడా నిద్ర కిందే రాసుకుంటుంది. గాఢ నిద్ర 1 గంట 12 నిమిషాలు లాంటి అంకెలను చూసి బెంగ పెట్టుకోవడం అనవసరం.

బీపీ, షుగర్ చూపిస్తానంటే

ఈ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. పట్టీలో గాలి నిండే ఏర్పాటు లేని చౌక వాచీ బీపీ కొలవలేదు. నాడి తరంగం ఆకారానికి, యాప్‌లో మనం ఇచ్చిన వయసు, బరువులను జోడించి ఒక అంచనా వేస్తుంది. ఆ అంచనా 120/80 చుట్టూనే తిరుగుతుంటుంది. బీపీ ఉన్న మనిషి దాన్ని చూసి మాత్ర మానేస్తే ప్రమాదం. గెలాక్సీ వాచ్‌లలో ఇచ్చిన బీపీ సదుపాయానికి సైతం చేతికి చుట్టే మామూలు యంత్రంతో ముందు సరిచూసుకోవాలి, ప్రతి 28 రోజులకోసారి మళ్లీ సరిచూడాలి. హువావే వాచ్ డి, ఓమ్రాన్ హార్ట్‌గైడ్ లాంటివి వేరే జాతి, వాటి పట్టీలోనే గాలి నిండుతుంది. ఇంట్లో బీపీ చూసుకోవడమే అవసరమైతే రూ.2,000 దరిదాపుల్లో భుజానికి కట్టే డిజిటల్ యంత్రం దొరుకుతుంది. డబ్బు అక్కడ పెట్టడం మేలు.

షుగర్ గురించి ఇంకా తేలిక. సూది గుచ్చకుండా తనంతట తాను రక్తంలో గ్లూకోజ్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరిక జారీ చేసింది. చర్మం కింద సెన్సర్ పెట్టించుకుని, ఆ అంకెను వాచీ తెర మీద చూసుకోవడం వేరే సంగతి. వాచీ తానే కొలుస్తానంటే ఆ పెట్టెను అక్కడే వదిలేయాలి.

చుట్టిన తువ్వాలుకు వాచీ కట్టి చూసే పరీక్ష బాగా ప్రచారంలో ఉంది. గుండె వేగం వరకు దాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే తిరిగొచ్చే కాంతిలో చిన్న లయ దొరికితే మంచి వాచీలూ ఒక్కోసారి ఏదో అంకె చూపిస్తాయి. కానీ తువ్వాలుకు 118/76 బీపీ, 98 శాతం ఆక్సిజన్ అని నింపాదిగా చెప్పే వాచీలో ఆ రెండు ఫీచర్లకూ పైసా విలువ కట్టనక్కర్లేదు.

రూ.5,000 దాటితే మారేది

ఈ మెట్టు దగ్గర మొదటగా వచ్చే ముఖ్యమైన వస్తువు సొంత జీపీఎస్. 2024 జులైలో రూ.4,999కి వచ్చిన సీఎంఎఫ్ వాచ్ ప్రో 2లో అది ఉంది. అమేజ్‌ఫిట్ లాంటి కంపెనీలూ రూ.10,000 లోపు ఇస్తున్నాయి. జీపీఎస్ లేని వాచీ దూరాన్ని అడుగుల నుంచి ఊహిస్తుంది. ఎత్తును సుమారు 0.41తో గుణించి అడుగు పొడవు తీసుకోవడం వాడుక. 170 సెంటీమీటర్ల మనిషికి 70 సెంటీమీటర్లు వస్తుంది. నింపాదిగా 60 సెంటీమీటర్ల అడుగులు వేసే మనిషి 3,000 అడుగులు నడిస్తే నిజంగా కదిలింది 1.8 కిలోమీటర్లు, వాచీ రాసుకునేది 2.1. కనెక్టెడ్ జీపీఎస్ అని రాసి ఉంటే ఫోన్ జీపీఎస్ వాడుకుంటుందని అర్థం, జేబులో ఫోన్ ఉండాల్సిందే.

సరిచూసుకోవాలంటే స్టేడియం ట్రాక్ మంచి చోటు. లోపలి మొదటి వరసలో ఒక చుట్టు 400 మీటర్లు, ఐదు చుట్లకు 2 కిలోమీటర్లు. ఎనిమిదో వరసలో నడిస్తే చుట్టుకు 453 మీటర్ల వరకు వస్తుంది, అక్కడ నడిచి వాచీని తప్పు పట్టకూడదు. మొదలుపెట్టే ముందు ఆరుబయట నిలబడి, జీపీఎస్ దొరికిందని తెర చెప్పేదాకా ఆగాలి. ఆగకుండా పరుగెత్తితే మొదటి రెండు మూడు వందల మీటర్లు గల్లంతవుతాయి. రెండు కిలోమీటర్లకు 40-60 మీటర్ల తేడా ఉంటే సర్దుకోవచ్చు. 200 మీటర్లు తేడా వస్తే వెనక్కి ఇచ్చేయాలి.

రూ.5,000 నుంచి 10,000 మధ్య అమోలెడ్ తెర, జీపీఎస్, వారం దాటే బ్యాటరీ, నికరమైన అప్‌డేట్లు ఒకచోట దొరుకుతాయి. నడక, పరుగు, సైకిల్ కోసం కొనేవాళ్లలో అత్యధికులకు ఇంతకు మించి అక్కర్లేదు. డబ్బు నిజంగా వృథా అయ్యేది రూ.3,000-4,500 మధ్య. అక్కడ చాలా వాచీలు రూ.1,500 వాచీ సామానుకే లోహపు చట్రం, మెరిసే తెర తొడిగి వస్తాయి. జీపీఎస్ ఉండదు, యాప్ అదే, కొలతలు అవే.

పాతిక వేలు ఎవరికి?

ఈసీజీ, పడిపోతే గుర్తించి కబురు పంపడం, వాచీలోనే సిమ్, పూర్తి స్థాయి యాప్‌లు. పెద్ద ధరకు వచ్చేవి ఇవి, అయితే అన్నీ అన్ని మోడళ్లలో ఉండవు. వీటి విలువ వయసును బట్టి మారుతుంది. 2019 నవంబరులో వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,000 మందికి పైగా పాల్గొన్నారు. మొత్తం మీద 0.52 శాతం మందికి గుండె లయ తప్పుతోందన్న హెచ్చరిక వచ్చింది. 40 ఏళ్ల లోపువారిలో అది 0.16 శాతమే, 65 దాటినవారిలో మూడు శాతం పైచిలుకు. హెచ్చరిక వచ్చి, ఆ తర్వాత ఛాతీకి ఈసీజీ ప్యాచ్ వేసుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతానికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఖాయమైంది. పాతికేళ్ల ఉద్యోగి తన కోసం కొనుక్కునే ఈ ఫీచర్ నిజానికి ఊళ్లో ఉన్న వాళ్ల నాన్నకు ఎక్కువ పనికొస్తుందన్నమాట. పైగా ఆ ఈసీజీ గుండెపోటును పట్టదు. 30 సెకన్ల పాటు ఒకే లీడ్‌తో, అంటే ఒకే కోణం నుంచి, లయను మాత్రం చూస్తుంది. ఛాతీలో నొప్పి వస్తే వాచీ వైపు చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు ఇలాంటి వాచీ పంపే ముందు చూడాల్సింది వాళ్ల చేతిలో ఏ ఫోన్ ఉందన్నది. యాపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో పనిచేయదు. గెలాక్సీ వాచ్ 4 నుంచి శాంసంగ్ వాచీలు ఐఫోన్‌తో పనిచేయవు. వాటిలో ఈసీజీ శాంసంగ్ ఫోన్ ఉంటేనే వస్తుంది, వేరే ఆండ్రాయిడ్ ఫోన్ అయితే రాదు. పడిపోవడాన్ని గుర్తించే సదుపాయం యాపిల్ వాచ్‌లో వయసు 55 దాటినట్టు నమోదై ఉంటే దానంతట అదే ఆన్ అవుతుంది, తక్కువ వయసు ఇచ్చి ఉంటే సెట్టింగుల్లో ఆన్ చేయాలి. సిమ్ లేని మోడల్ కొంటే, పెరట్లో పడిపోయినప్పుడు ఫోన్ ఇంట్లో ఉండి వాచీకి కనెక్షన్ అందకపోతే ఆ కాల్ వెళ్లదు. ఈ పని కోసమే కొంటుంటే సెల్యులార్ మోడల్‌కు పెట్టే అదనపు సొమ్ము ఆదా చేయదగ్గది కాదు. రోజూ చార్జింగ్ పెట్టే అలవాటు వాళ్లకు ఉంటుందా అన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న.

ఖరీదైన వాచీకైనా ఆయుష్షు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది. 2018లో వచ్చిన యాపిల్ వాచ్ సిరీస్ 4కు అందిన సాఫ్ట్‌వేర్లలో 2023 నాటి వాచ్‌ఓఎస్ 10 చివరిది. అది గౌరవమైన ఆయుష్షే. 2017 నాటి సిరీస్ 3ని మాత్రం 2022 దాకా అమ్ముతూనే ఉన్నారు, ఆ సెప్టెంబరులో వచ్చిన వాచ్‌ఓఎస్ 9 దానికి అందలేదు. ఆ ఏడాది వేసవిలో కొత్తది అనుకుని కొన్నవాళ్ల వాచీ మూడు నెలల్లో పాతబడిపోయింది. తగ్గింపులో వచ్చిందంటే మోడల్ ఏ ఏడాదిదో చూడాలనేది ఇందుకే. కంపెనీయే మూతపడితే ఇంకా కష్టం. అమెరికా స్మార్ట్‌వాచ్ కంపెనీ పెబుల్ 2016 డిసెంబరులో మూతపడింది, 2018 జూన్ 30న సర్వర్లు ఆగిపోయాయి. అభిమానులు సొంతంగా సర్వర్లు పెట్టుకుని నిలబెట్టుకున్నారు. ఊరూ పేరూ లేని వాచీకి ఆ అదృష్టం పట్టదు.

పెట్టె విప్పిన వారంలో

రిటర్న్ గడువు సాధారణంగా ఏడు రోజులు, కొన్నిటికి రీప్లేస్‌మెంట్ మాత్రమే. పరీక్షలన్నీ ఆ లోపే అవ్వాలి. పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలు తయారీదారు ఎవరో తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తెర కనిపిస్తోందా చూడాలి. బ్యాటరీని వంద శాతం నింపి, కాలింగ్, గుండె వేగం, నోటిఫికేషన్లు అన్నీ ఆన్ చేసి రెండు రోజులు వాడాలి. ఏడు రోజులని రాసిన చౌక వాచీ కాలింగ్‌తో రెండు రోజులకే ఖాళీ అవడం మామూలే.

చార్జర్ విషయంలో ఎవరూ ముందే ఆలోచించరు. అయస్కాంతంతో అంటుకునే రెండు పిన్నుల కేబుళ్లు చూడటానికి ఒకేలా ఉంటాయి, పిన్నుల మధ్య దూరం మాత్రం 2.84 మిల్లీమీటర్లు, 4 మిల్లీమీటర్లు ఇలా రకరకాలు. పోయాక వెతికితే సరైనది దొరక్క వాచీ మూలన పడుతుంది. మోడల్ అమ్మకంలో ఉండగానే ఇంకో కేబుల్ కొని పెట్టుకోవడం మంచిది. మన ఉక్కపోతకు వాచీ వెనక పిన్నుల మీద చెమట ఉప్పు పేరుకుంటుంది, తడిగా ఉండగానే చార్జింగ్ పెడితే పిన్నులు నల్లబడి తుప్పు పడతాయి. పొడిగుడ్డతో తుడిచాకే చార్జింగ్ పెట్టాలి, వారానికోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో రుద్దాలి. నీటిని తట్టుకునే రేటింగు 5 ఏటీఎం అని ఉంటే ఈతకు సరిపోతుంది. ఐపీ67, ఐపీ68 అని మాత్రమే ఉంటే వాన, చెమట వరకే అనుకోవాలి. వేన్నీళ్లు, సబ్బు ఏ వాచీ రబ్బరు సీలుకైనా చేటే. నీళ్లు దిగి పాడైతే వారంటీలో చూసేవాళ్లు తక్కువ.

పాత యాపిల్ వాచ్ సగం ధరకు దొరికితే ఆశపడవచ్చు, రెండు చూసుకుని. సెట్టింగ్స్‌లో బ్యాటరీ కింద బ్యాటరీ హెల్త్ 80 శాతానికి తగ్గి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలోంచి తీసేసి బేరమాడాలి. అమ్మే మనిషి మన ఎదుటే తన ఐఫోన్ వాచ్ యాప్‌లో అన్‌పెయిర్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, వాచీని తన ఖాతాకు కట్టేసి ఉంచే యాక్టివేషన్ లాక్ తీసేయాలి. ఇంటికెళ్లి తీస్తానంటే డబ్బు చేతికివ్వకండి.